లంచ్ బాక్సుకి ఓవెన్‌లో చేసే ఉప్పు చిరుతిళ్లు: మధ్యాహ్నం దాకా బాగుండాలంటే ఏం చెయ్యాలి?

#1 కొత్తపెనం
అందరికీ నమస్కారం. తీపి మఫిన్లు, బిస్కెట్లు బాగానే వస్తాయి. ఇప్పుడు పిల్లల బడి డబ్బాలోకి ఉప్పుగా ఉండేవి కావాలి. ముందురోజు రాత్రే చేసి పెట్టుకునేలా ఉండాలి. బడిలో వేడి చేసుకునే వీలు లేదు కాబట్టి చల్లగా తిన్నా రుచిగా ఉండాలి. చేతికి, పుస్తకాలకి జిడ్డు అంటకూడదు. ఇంట్లో ఓటీజీ ఉంది, 12 గుంటల మఫిన్ ట్రే ఉంది.

క్యారెట్, జుకీని, చీజ్ వేసిన మఫిన్లు చేస్తే ఓవెన్‌లోంచి తీసినప్పుడు దూదిలా ఉన్నాయి. డబ్బా తెరిచే వేళకి అడుగంతా తడి, సగం మఫిన్ కాగితానికే అంటుకుని ఉంది. ఎక్కడ తప్పు జరుగుతోంది?

#2 తురుముపీట
అడుగు తడవడానికి కారణాలు రెండే: కూరలో నీరు, డబ్బాలో ఆవిరి. మీకు రెండూ కలిసొచ్చినట్టున్నాయి. ఆవిరి సంగతి వేరేవాళ్లు చెప్తారులెండి, నేను నీటి గురించి చెప్తాను.

జుకీని అంటేనే నీటిముద్ద. తురిమాక పావు టీస్పూను ఉప్పు చల్లి పది నిమిషాలు వదిలేసి, పల్చటి గుడ్డలో వేసి గట్టిగా పిండాలి. 200 గ్రాముల తురుములోంచి సులువుగా పావు గ్లాసు నీరు కారుతుంది. అదంతా ఇప్పటిదాకా మీ మఫిన్ అడుగున చేరుతోందన్నమాట. పాలకూర అయితే పెనం మీద మగ్గబెట్టి, చల్లార్చి పిండాలి. క్యారెట్‌కి ఇంత హడావుడి అక్కర్లేదు, తురిమి ఒకసారి పిండితే చాలు. టమాటా ముక్కలైతే గింజల గుజ్జు తీసేసి కండ మాత్రమే వెయ్యాలి. క్యాప్సికం, ఉల్లిపాయ, స్వీట్ కార్న్ నూనెలో రెండు నిమిషాలు వేయిస్తే తడి పోతుంది, పచ్చివాసనా పోతుంది.

12 మఫిన్లకి నా కొలతలు:

మైదా 250 గ్రా.
బేకింగ్ పౌడర్ 3 టీస్పూన్లు (12 గ్రా.)
ఉప్పు అర టీస్పూను
మిరియాల పొడి అర టీస్పూను
పాలు 220 మి.లీ.
గుడ్లు 2
నూనె 80 మి.లీ.
చీజ్ తురుము 120 గ్రా.
కూరలు 150 గ్రా. (పిండిన తర్వాతి బరువు, ముందుది కాదు)

పొడివన్నీ ఒక గిన్నెలో కలపండి. చీజ్, కూరలు ఆ పొడిలోనే వేసి దొర్లించండి. పిండి పూత పట్టిన ముక్కలు అడుగుకి జారిపోవు. పాలు, గుడ్లు, నూనె వేరే గిన్నెలో గిలక్కొట్టి ఒక్కసారే పొడిలో పోసి, గరిటెతో అడుగునుంచి పైకి తిప్పండి. పన్నెండు, పదిహేను తిప్పులు చాలు. ఇంకా కొంచెం గడ్డలున్నా ఆపెయ్యండి. నున్నగా అయ్యేదాకా కలిపితే గ్లూటెన్ (పిండికి సాగే గుణమిచ్చే ప్రొటీన్) బిగిసి మఫిన్ సాగుతుంది, కోసి చూస్తే లోపల నిలువు సొరంగాలు కనిపిస్తాయి.

పిండి గరిటెలోంచి ముద్దగా జారాలి, ధారగా కాదు. గుంటలో మూడొంతులు నింపి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో మధ్య అరలో 190 డిగ్రీల దగ్గర 20 నుంచి 22 నిమిషాలు. నడిమధ్యలో పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు. చీజ్ తీగ అంటితే మాత్రం కంగారుపడి ఇంకో ఐదు నిమిషాలు ఉంచకండి, పక్కన ఇంకోచోట గుచ్చి చూడండి.

#3 చల్లారనివ్వండి
ఆవిరి వంతు నాది. నా పేరు చూస్తే తెలుస్తుంది కదా :)

ఓవెన్‌లోంచి తీశాక ట్రేలో 5 నిమిషాలే ఉంచాలి. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే మఫిన్ వదిలే ఆవిరి ట్రే గోడకి తగిలి నీరై, తిరిగి మఫిన్‌లోకే ఇంకుతుంది. 5 నిమిషాలకి ముందే తీస్తే విరిగిపోతాయి. ఆ తర్వాత జాలీ మీద, కింద గాలి ఆడేలా, కనీసం 45 నిమిషాలు. చేత్తో పట్టుకుంటే చల్లగానే ఉంటాయి గానీ లోపల వేడి అలాగే ఉంటుంది. అందుకే ఒకదాన్ని రెండుగా విరిచి పెదవికి ఆనించి చూడండి. గోరువెచ్చగా తగిలినా మూత పెట్టకూడదు.

మూత పెట్టిన పది నిమిషాలకి తెరిచి లోపలి వైపు చూడండి. మసకగా చెమ్మ కనిపిస్తే తొందరపడ్డట్టే. తుడిచి, మూత తీసి ఇంకో అరగంట వదిలెయ్యండి.

డబ్బా అడుగున మడిచిన టిష్యూ ఒకటి వేస్తే మిగిలిన కాస్త చెమ్మా అది పీలుస్తుంది.

#4 కొత్తపెనం
చాలా థాంక్స్ అండి. అయితే కాగితం సంగతేంటి? తీపి మఫిన్లు ఎప్పుడూ అలా అంటుకోవు. అదే కాగితం, అదే ట్రే.

#5 తురుముపీట
తేడా చక్కెరది. తీపి మఫిన్‌లో చక్కెర ఉత్త తీపి కోసమే కాదు, పిండిని మెత్తగా ఉంచుతుంది, తేమని పట్టి ఉంచుతుంది, కాగితం దగ్గర పొరని త్వరగా ఎర్రబరుస్తుంది. ఉప్పు మఫిన్‌లో అది లేదు కాబట్టి ఆ పని నూనెతోనే చేయించుకోవాలి. ఆరోగ్యం పేరుతో నూనె 80 నుంచి 30కి తగ్గించారంటే మఫిన్ రబ్బరులా అవుతుంది, కాగితాన్నీ వదలదు. తగ్గించాలనుకుంటే 60 దాకా తగ్గించండి, అంతకంటే వద్దు.

వేడి మీద కాగితం ఒలవకండి, పూర్తిగా చల్లారాక అదే వదులుతుంది. కాగితానికి లోపల బ్రష్‌తో నూనె రాయడం ఇంకో మార్గం. అసలు కాగితమే లేకుండా, ట్రేకి వెన్న రాసి మైదా చల్లి దులిపితే అన్నిటికంటే బాగుంటుంది, అంచులు కూడా కాస్త గట్టిపడతాయి. డబ్బాలో పెట్టడానికి గట్టి అంచులున్నవే మేలు.

#6 ఉప్పు_చిటికెడు
సిలికాన్ అచ్చులు వాడండి, ఏదీ అంటదు.

#7 తురుముపీట
అంటదు, నిజమే. కానీ సిలికాన్ వేడిని మెల్లగా పంపిస్తుంది. మఫిన్ అడుగు, పక్కలు పాలిపోయి మెత్తగా మిగిలిపోతాయి. వెంటనే తినేదైతే ఏం కాదు. నాలుగు గంటలు డబ్బాలో ఉండేదానికి ఆ మెత్తని అడుగే ముందు తడుస్తుంది. నా ఓటు లోహపు ట్రేకే. సిలికానే ఉంటే, ఓవెన్‌తోపాటు వేడెక్కిన ఇనుప ట్రే మీద పెట్టి, 3 నుంచి 4 నిమిషాలు ఎక్కువ ఉంచండి.

#8 త్రాసుముల్లు
కొత్తపెనం గారూ, మీరు కొలిచింది కప్పుతోనా, త్రాసుతోనా? అడగడానికి కారణముంది. మైదా డబ్బాలో కప్పు ముంచి తీస్తే 150 గ్రాములు దాటొచ్చు. అదే మైదాని చెంచాతో కప్పులో వదులుగా నింపి పైన చాకుతో గీస్తే 120 నుంచి 125 వస్తుంది. రెండు కప్పులకి 50 గ్రాముల తేడా. తురుముపీట గారి కొలతల్లో 50 గ్రాముల మైదా ఎక్కువైతే ఎండిపోయిన గడ్డ వస్తుంది. చీజ్ కూడా అంతే, సన్నగా తురిమితే కప్పులో ఎక్కువ గాలి, లావుగా తురిమితే తక్కువ. త్రాసు కొనండి. మఫిన్ ట్రే కంటే ముందు కొనాల్సింది అదే.

గోధుమ పిండి కలపాలనుకునే వాళ్లకి: మైదాలో సగం వరకూ మార్చొచ్చు. మార్చిన ప్రతి 100 గ్రాములకి పాలు ఒక టేబుల్ స్పూను పెంచి, కలిపిన పిండిని పది నిమిషాలు ఆగి ట్రేలో వెయ్యాలి. తవుడు నీళ్లు పీల్చడానికి ఆ టైము కావాలి. ఆగకపోతే తవుడు మఫిన్ లోపల పీల్చుకుంటుంది, మర్నాటికి పొడిపొడిగా రాలుతుంది.

#9 కొత్తపెనం
కప్పుతోనేనండి, అదీ ముంచి :( అర్థమైంది.

#10 కరకర
మఫిన్ల గొడవ మీరు చూసుకోండి. రాత్రి చేసి మర్నాడు పెట్టడానికి అన్నిటికంటే సులువైనవి క్రాకర్లు. వారం దాటినా పాడవవు, మర్నాడు ఎలా ఉన్నాయో ఐదోరోజూ అలాగే ఉంటాయి.

మైదా 100 గ్రా., గోధుమ పిండి 50 గ్రా., ఉప్పు అర టీస్పూను, బేకింగ్ పౌడర్ పావు టీస్పూను, నువ్వులు ఒక టేబుల్ స్పూను, నూనె 30 మి.లీ., నీళ్లు 60 నుంచి 65 మి.లీ.

ముందు నూనె. పొడిలో నూనె పోసి వేళ్లతో రుద్దితే తడి ఇసుకలా అవ్వాలి, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలబడాలి. నీళ్లు ఆ తర్వాతే. వరస తప్పి నీళ్లు ముందు పోస్తే గ్లూటెన్ ముందే సాగి, క్రాకర్ కరకరలాడదు, కొరికితే గట్టి చెక్క. ముద్దని మూతపెట్టి 20 నిమిషాలు వదలండి, లేకపోతే ఒత్తుతుంటే రబ్బరులా వెనక్కి ముడుచుకుంటుంది.

అసలు విషయం మందం. 2 మి.మీ. ఉండాలి, అంతటా ఒకేలా ఉండాలి. నడుమ 3, అంచులు 1 అయ్యాయంటే అంచులు మాడతాయి, నడుమ మెత్తగా ఉంటుంది. ఐస్‌క్రీమ్ పుల్లలు సుమారు 2 మి.మీ. మందం ఉంటాయి. బేకింగ్ పేపర్ మీద ముద్దకి రెండు పక్కలా ఆ పుల్లలు పేర్చి, అప్పడాల కర్ర వాటి మీద దొర్లేలా ఒత్తండి. పుల్లల ఎత్తుకి వచ్చాక కర్ర ఇంక కిందికి దిగదు. ఒత్తిన షీటుని కాగితంతో సహా ట్రేలోకి జరిపి, పిజ్జా కట్టర్‌తో చతురస్రాలుగా గీసి, ప్రతి ముక్కనీ ఫోర్కుతో రెండు మూడు చోట్ల పొడవండి. పొడవకపోతే ఆవిరికి దారిలేక బూరెల్లా పొంగుతాయి.

180 డిగ్రీలు, 14 నుంచి 16 నిమిషాలు. 11వ నిమిషంలో ఒకసారి తలుపు తీసి అంచు ముక్కలు తీసేసి మిగతావి ఉంచండి. క్రాకర్లకి తలుపు తీసినా నష్టం లేదు, పొంగి కూలేదేం లేదు కదా.

చల్లారాక ఒకటి విరవండి. వంగితే ఇంకా చెమ్మ ఉన్నట్టు. 150 దగ్గర 5 నిమిషాలు మళ్లీ పెట్టండి. రంగు మారదు, తడి మాత్రం పోతుంది.

ఒక హెచ్చరిక: క్రాకర్లు, మఫిన్లు ఒకే అరలో పెట్టకండి. మఫిన్ తడంతా క్రాకర్ లాగేస్తుంది. రెండూ చెడతాయి.

#11 ఉప్పు_చిటికెడు
చీజ్ బిస్కెట్లు ఎవరూ చెప్పలేదేం? మైదా, చల్లటి వెన్న, గట్టి చెడ్డార్ మూడూ సమానం. ఒక్కోటీ 100 గ్రా. చిటికెడు కారం, చిటికెడు ఉప్పు. ఉప్పు నిజంగా చిటికెడే, చీజ్‌లో, వెన్నలో ఇప్పటికే ఉంది. వేళ్లతో రుద్ది ముద్ద చేసి, 4 సెం.మీ. లావు రోల్ చుట్టి, ఫ్రిజ్‌లో గంట. 5 మి.మీ. మందాన చక్రాలు కోసి, 180 దగ్గర 12 నుంచి 15 నిమిషాలు. అంచు బంగారు రంగుకి తిరగ్గానే తీసెయ్యాలి, చీజ్ మాడితే చేదు.

ఆ రోల్‌ని ఫ్రీజర్‌లో ఉంచి కావలసినప్పుడు కోసుకోవచ్చు.

#12 కొత్తపెనం
ప్రాసెస్డ్ చీజ్ క్యూబులతో చెయ్యొచ్చా? ఇంట్లో అవే ఉన్నాయి.

#13 ఉప్పు_చిటికెడు
మఫిన్‌లో వెయ్యండి, బిస్కెట్‌లో వద్దు. ప్రాసెస్డ్ చీజ్‌లో కొవ్వునీ నీటినీ కలిపి ఉంచే (ఎమల్సిఫై చేసే) లవణాలుంటాయి, నీరూ ఎక్కువే. అందుకే అది నునుపుగా కరుగుతుంది గానీ కరకరలాడదు. బిస్కెట్ మెత్తగా, కేకులా వస్తుంది. మోజరెల్లా సంగతి వేరు. వేడిగా ఉన్నప్పుడు తీగలు సాగుతుంది, చల్లారితే రబ్బరు. చల్లగా తినే దేనికైనా మోజరెల్లా ఒక్కటే వాడకండి, సగం చెడ్డార్ కలపండి.

#14 గుడ్డులేకుండా
మేము గుడ్డు వాడము. #2లో మఫిన్లకి గుడ్ల బదులు ఏం వెయ్యాలి? అరటిపండు, ఆపిల్ గుజ్జు అని అంతా రాస్తారు, ఉప్పు మఫిన్‌లో అవెలా కుదురుతాయి!

#15 త్రాసుముల్లు
కుదరవు, పెరుగే గతి. రెండు గుడ్ల బదులు చిక్కటి పెరుగు 120 గ్రా. పాలు 220 నుంచి 180కి తగ్గించండి. బేకింగ్ పౌడర్ రెండున్నర టీస్పూన్లకి తగ్గించి, పావు టీస్పూను వంట సోడా చేర్చండి. పెరుగులో పులుపు ఉంది కాబట్టి సోడాకి పని దొరుకుతుంది.

సోడా పావు టీస్పూను దాటనివ్వద్దు. పులుపుకి మించిన సోడా పిండిలో మిగిలిపోయి సబ్బు రుచి తెస్తుంది. పెరుగు పోశాక పిండి ఆగదు, బుడగలు వెంటనే మొదలవుతాయి. ఓవెన్ వేడెక్కాకే కలపండి, కలిపిన ఐదు నిమిషాల్లో లోపల ఉండాలి. అలాగని గోధుమ పిండికి నేను చెప్పిన పది నిమిషాల విరామం ఇక్కడ పెట్టకండి. గుడ్డు లేని దాంట్లో మైదానే వాడండి, లేదా గోధుమ పిండిని ముందు పెరుగు, పాలలో నానబెట్టి బేకింగ్ పౌడర్, సోడా చివర్లో చల్లండి.

గుడ్డు చేసే రెండో పని పట్టు. అది లేనప్పుడు పెద్ద మఫిన్ విరుస్తుంటే రాలిపోతుంది. అవిసె గింజల పొడి ఒక టేబుల్ స్పూను, మూడు టేబుల్ స్పూన్ల నీళ్లలో పది నిమిషాలు నానితే జిగురుగా అవుతుంది. అది కూడా చేరిస్తే పట్టు వస్తుంది. అప్పుడు పాలు ఇంకో 30 మి.లీ. తగ్గించండి. పెద్ద గుంటల కంటే మినీ గుంటలు నయం, ఒక్క నోటికి సరిపోతే రాలే ప్రశ్నే రాదు.

#16 గుడ్డులేకుండా
ధన్యవాదాలు. బేకింగ్ పౌడర్ డబ్బా తెరిచి చాలా నెలలైంది. పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

#17 త్రాసుముల్లు
అర టీస్పూను పొడి మీద పావు కప్పు వేడినీళ్లు పొయ్యండి. బుసబుసా పొంగాలి. నాలుగు బుడగలు వచ్చి ఆగితే పారెయ్యండి. సోడానైతే వేడినీళ్లతో కాదు, నిమ్మరసంతో పరీక్షించాలి.

#18 పొద్దున్నేలేస్తా
పిన్‌వీల్స్ (సాస్ పూసి చుట్టి, చక్రాల్లా కోసి కాల్చేవి) గురించి ఎవరైనా చెప్పండి. పఫ్ పేస్ట్రీ షీటుతో చేస్తే సాస్ కారి ట్రేకి మాడుతోంది, చుట్లు విడిపోతున్నాయి.

#19 కరకర
పఫ్ పేస్ట్రీ డబ్బాకి పనికిరాదని నా అభిప్రాయం. పొరలు పొంగేది వెన్న మధ్యలో పుట్టే ఆవిరి వల్ల. ఆ పొరలు మూత కింద నాలుగు గంటల్లో చెమ్మ పట్టి వేలాడతాయి. చెమ్మ పట్టనివి చొక్కా నిండా రాలతాయి. మొదటి పోస్టులో ఏమన్నారు? పుస్తకాలకి అంటకూడదన్నారు.

#20 ఉప్పు_చిటికెడు
ఈసారి కరకరతో నేనూ ఏకీభవిస్తాను. (తేదీ రాసిపెట్టుకోండి.) ఈస్ట్ పిండితో చేసుకోండి, మర్నాటికి కూడా మెత్తగా ఉంటాయి.

మైదా 300 గ్రా., ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీస్పూను (3 గ్రా.), చక్కెర ఒక టీస్పూను, ఉప్పు ఒక టీస్పూను, గోరువెచ్చని పాలు 190 మి.లీ., నూనె రెండు టేబుల్ స్పూన్లు. వేలు పెడితే వేడి తెలియకూడదు, పాలు కాగుతున్నట్టుంటే ఈస్ట్ చచ్చిపోతుంది. 8 నుంచి 10 నిమిషాలు మర్దించి, నూనె రాసిన గిన్నెలో మూతపెట్టి రెట్టింపయ్యేదాకా ఉంచండి. వాతావరణాన్ని బట్టి గంట నుంచి గంటన్నర. గడియారం కాదు, పిండిని చూడండి.

30 × 25 సెం.మీ. దీర్ఘచతురస్రంగా ఒత్తి, టమాటా పేస్టు మూడు టేబుల్ స్పూన్లు పల్చగా పూసి, చీజ్ తురుము 100 గ్రా. చల్లాలి. అవతలి అంచున 2 సెం.మీ. ఖాళీగా వదిలి, అక్కడ మాత్రం నీళ్లు తడపండి, ఆ అంచే జిగురు. మీ చుట్లు విడిపోవడానికి కారణం అంచు దాకా సాస్ పూయడమే. కారడానికి కారణం పల్చటి సాస్. గుజ్జు వాడాలంటే, మూకుడులో గరిటెతో గీస్తే దారి రెండు క్షణాలు మూసుకోకుండా ఉండేదాకా దగ్గరకి రానివ్వాలి.

చాకుతో కోస్తే రోల్ నలిగి కోడిగుడ్డు ఆకారం వస్తుంది. దారం వాడండి. శుభ్రమైన కుట్టు దారాన్ని రోల్ కిందుగా జరిపి, రెండు కొసలూ పైకి తెచ్చి ఒకదాని మీదుగా ఇంకోటి అడ్డంగా లాగితే గుండ్రంగా తెగుతుంది. 12 ముక్కలు. తోక భాగం కిందికి మడిచి, దగ్గరదగ్గరగా పేర్చి, అరగంట పొంగనిచ్చి, 190 దగ్గర 16 నుంచి 18 నిమిషాలు.

పొద్దున్నే చెయ్యాలనుకుంటే, పేర్చిన ట్రేని కప్పి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. 8 నుంచి 10 గంటలు ఉండొచ్చు. పొద్దున తీసి అరగంట బయట ఉంచి ఓవెన్‌లోకి.

#21 పొద్దున్నేలేస్తా
దారం సంగతి బాగుంది! మా ఓటీజీలో వెనక వరస నల్లబడుతుంది, ముందు వరస తెల్లగా ఉంటుంది. ఏం చెయ్యను?

#22 తురుముపీట
చాలా ఓటీజీలు ఇంతే. ట్రేని తిప్పండి. కానీ ఎప్పుడు తిప్పాలన్నది ముఖ్యం: మొత్తం సమయంలో మూడింట రెండొంతులు గడిచాకే. 18 నిమిషాలైతే 12వ నిమిషంలో. ముందే తలుపు తీస్తే ఇంకా గట్టిపడని మధ్యభాగం కూలుతుంది, మఫిన్ల నెత్తిన గుంట పడుతుంది. (గుంట పడడానికి ఇంకో కారణం బేకింగ్ పౌడర్ ఎక్కువవడం. పొంగుతుంది, నిలబడదు.)

లోపల పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. మీట మీద 190 ఉన్నంత మాత్రాన లోపల 190 ఉన్నట్టు కాదు. ఫ్యాను ఉన్న ఓవెన్ అయితే ఇక్కడ రాసినవాటన్నిటికీ 20 డిగ్రీలు తగ్గించండి. నల్ల ట్రే వెండిరంగు ట్రే కంటే అడుగు త్వరగా ఎర్రబరుస్తుంది, దానికి రెండు నిమిషాలు ముందే చూడండి.

#23 పొద్దున్నేలేస్తా
గుడ్డుతో చేసే చిన్న కప్పులు కూడా డబ్బాకి బాగుంటాయి కదా? ఆరు గుడ్లకి ఎన్ని నిమిషాలు?

#24 చల్లారనివ్వండి
ఆరు గుడ్లు, పాలు 60 మి.లీ., వేయించిన కూరలు 100 గ్రా., చీజ్ 40 గ్రా. 7 నుంచి 8 గుంటలు వస్తాయి. 175 దగ్గర 18 నిమిషాలు. మధ్యలో ఇంకా కొంచెం వణుకుతున్నప్పుడే తీసెయ్యకండి, బడి డబ్బాకి పూర్తిగా గట్టిపడాలి. అలాగని 25 నిమిషాలు ఉంచితే గుడ్డు బిగుసుకుని నీరు వదులుతుంది, స్పాంజి పిండినట్టు. బయటికి తీయగానే కుంగిపోతాయి, అది సహజం.

కానీ వీటిని ఐస్ ప్యాక్ లేకుండా పంపకండి. గుడ్డు, చీజ్ ఎక్కువగా ఉన్నవి, మాంసం ముక్కలున్నవి మామూలు గది వేడిలో రెండు గంటలకి మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండ రోజుల్లో ఒక్క గంటే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున చల్లగానే, ఇన్సులేటెడ్ సంచిలో, గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌ని డబ్బాకి ఆనించి పెట్టండి. పొద్దున వేడి చేసి గోరువెచ్చగా పంపడం అన్నిటికంటే చెడ్డది. సరిగ్గా ఆ మధ్య వేడిలోనే గంటలు గడుస్తాయి.

పొడిగా ఉండే క్రాకర్లకి, చీజ్ బిస్కెట్లకి ఈ గొడవ లేదు. #2 మఫిన్లలో తడి కూర, చీజ్ బాగానే ఉన్నాయి కాబట్టి వాటికీ ఐస్ ప్యాక్ పెట్టడమే నా సలహా.

#25 కొత్తపెనం
మఫిన్లు ఫ్రీజ్ చేస్తే?

#26 చల్లారనివ్వండి
బాగుంటాయి. పూర్తిగా చల్లారాక ట్రేలో ఒక్క వరసగా రెండు గంటలు గడ్డకట్టించి, అప్పుడు సంచిలో వేసి గాలి తీసెయ్యండి. నేరుగా సంచిలో కుక్కితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. రెండు నెలల్లోపు వాడండి. పొద్దున గడ్డగానే డబ్బాలో పెడితే అదే కొంతవరకూ ఐస్ ప్యాక్ పని చేస్తుంది, మధ్యాహ్నానికి కరుగుతుంది. ఒక్కోదాన్నీ కాగితంలో చుట్టే పెట్టాలి. కరిగేటప్పుడు చెమ్మ చుట్టిన కాగితం మీద చేరుతుంది, మఫిన్ మీద కాదు. విప్పి పెట్టారంటే మొదటి పోస్టుకి తిరిగొచ్చినట్టే.

#27 గుడ్డులేకుండా
ఒక వింత. #15 పద్ధతిలో పొద్దుతిరుగుడు గింజలు పొడి చేసి వేశాను, రుచి బాగుంది. మర్నాడు కోస్తే లోపల ఆకుపచ్చగా ఉంది! బూజు కాదు, మచ్చల్లా కాకుండా అంతటా పరుచుకుని ఉంది. తినొచ్చా?

#28 త్రాసుముల్లు
తినొచ్చు. పొద్దుతిరుగుడు గింజల్లో క్లోరోజెనిక్ ఆమ్లం ఉంటుంది. సోడా వల్ల పిండి క్షారంగా మారితే అది ఆకుపచ్చగా తిరుగుతుంది. చల్లారేకొద్దీ రంగు పెరుగుతుంది, అందుకే వేడిగా ఉన్నప్పుడు మీకు కనిపించలేదు. హాని లేదు. మీ మఫిన్‌లో పులుపుకి మించి సోడా ఉందని కూడా అది చెప్తోంది. సోడా సగానికి తగ్గించండి, లేదా ఒక టీస్పూను నిమ్మరసం కలపండి. క్యారెట్ తురుము కూడా ఒక్కోసారి ఇలాగే ఆకుపచ్చ గీతలు చూపిస్తుంది, కారణం అదే.

#29 మోడరేటర్
గింజల మాట వచ్చింది కాబట్టి: వేరుశనగ, బాదం లాంటివి తేవద్దనే బడులు చాలా ఉన్నాయి. నువ్వులు కూడా అలెర్జీ కలిగించేవే. #10 చేసేవాళ్లు ముందు బడి నియమం కనుక్కోండి. నువ్వులు తీసేసి మిరియాలు, ఒరెగానో వేసినా క్రాకర్ అలాగే వస్తుంది. మరీ చిన్నపిల్లలకి గింజలు, చెర్రీ టమాటాలు అలాగే ఇవ్వద్దు, గొంతుకి అడ్డం పడతాయి. టమాటాని నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యండి.

#30 కొత్తపెనం
ఆఖరి ప్రశ్న. #2 కొలతలు 24 గుంటల మినీ ట్రేలో వేస్తే ఎన్ని నిమిషాలు? పిండి చాలక కొన్ని గుంటలు ఖాళీగా ఉంటే వాటిలో నీళ్లు పొయ్యాలని ఎక్కడో చదివాను.

#31 తురుముపీట
190 దగ్గర 11 నుంచి 13 నిమిషాలు. పదో నిమిషం నుంచే పుల్ల గుచ్చి చూడండి, చిన్నవి ఒక్క నిమిషంలో ఎండిపోతాయి. పిండి చాలకపోవడం కాదు, ఇంకా మిగులుతుంది, రెండో విడత పడుతుంది. కూరలు సన్నగా తురమండి, చిన్న గుంటలో పెద్ద ముక్క పడితే అక్కడే విరుగుతుంది. ఖాళీ గుంటల్లో నీళ్లు అక్కర్లేదు. తీసేటప్పుడు ఆ నీళ్లు ఒలికి పక్క మఫిన్లు తడుస్తాయి, అంతే.